చలి తెలియని పెట్టె

నేను ఒక ఫ్రీజర్ బాక్సును. మనిషి పోయాక, దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా శరీరం పాడవకుండా ఉంచే గాజుమూత పెట్టెను. నన్ను ఎవరూ కోరి పిలవరు. అయినా ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటికీ వస్తాను. కంగారు పడకండి, నాకు తొందరేమీ లేదు.

రాజమండ్రిలో ఒక షెడ్డులో నన్ను తయారుచేశారు. రేకు వంచి, మోటారు బిగించి, పైన గాజు అమర్చారు. చలి పుట్టించడం నేర్పారు గానీ, చలి అంటే ఏమిటో చెప్పలేదు. మొదటి యజమాని పెళ్ళిళ్ళకు షామియానాలు అద్దెకిచ్చేవాడు, వాటి పక్కనే నన్నూ ఉంచాడు. తరవాత తణుకులో దుర్గారావు చేతికొచ్చాను. నన్ను దించి ప్లగ్గు పెట్టేటప్పుడు మొదట్లో అతనికీ కళ్ళు చెమర్చేవి. ఏడాది తిరిగేసరికి, చావింట్లో ఇచ్చిన టీలో పంచదార తక్కువైందని విసుక్కోవడం మొదలుపెట్టాడు.

నేనూ అంతే. ఇంత దుఃఖం చూసినదానికి జాలి దండిగా ఉంటుందని మీరనుకోవచ్చు. లేదు. చూసి చూసి, ఆ ఏడుపులన్నీ నా మోటారు చప్పుడులో కలిసిపోయాయి.

ఒక మధ్యాహ్నం మంగతాయారు కోసం పిలుపొచ్చింది. అన్నం తింటూ పడిపోయిందట. ఆమె ఆడపడుచు వరహాలమ్మ భర్తనూ, ఇద్దరు కొడుకులనూ సాగనంపిన మనిషి. ఆ వీధిలో ఎవరు పోయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చెప్పేది ఆమే. ఆమె చెప్పాక ఇంకా డాక్టరెందుకని, మంగతాయారు కొడుకు సూరత్ నుంచి వచ్చేదాకా ఉంచడానికి నన్ను తెప్పించారు.

కోడలు హైమకు అదే మొదటి చావు. పుట్టింట్లో తాతమ్మతో సహా అందరూ నిక్షేపంలా ఉన్నారు. ఏడవడం కూడా ఆ పిల్లకు సరిగ్గా చేతకాలేదు. ఉన్ని సాక్సులు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"కాళ్ళు చల్లబడితే అత్తయ్యకి నిద్దరట్టదండి," అంది.

"పోయినోళ్ళకి చలేంటే, పిచ్చిమొహమా!" అంది వరహాలమ్మ.

హైమ వినలేదు. మూత ఎత్తి కుడికాలికి సాక్సు తొడిగింది. ఎడమకాలు పట్టుకోగానే అది మెల్లగా వెనక్కి జరిగింది.

"అత్తయ్య కాలు లాక్కున్నారు!"

"నరాలు గుంజుతాయే. నేనెన్ని చూళ్ళేదు?" అంటూ వరహాలమ్మ మూత వేసేసింది.

నాకు తెలుసు. పెదవులకు ఎదురుగా గాజుకు లోపల ఆవిరి పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది. చెప్పడానికి నోరు లేదు. మోటారు ఆపుకోవడం నా చేతిలో లేదు. మొదటిసారి నన్ను చూసి నాకే భయం వేసింది.

హైమ ప్లగ్గు పీకేసింది. పట్టుకోబోయిన చేతులను విదిలించుకుని, అత్తను ఒళ్ళోకి లాక్కుని, అరికాళ్ళు రుద్దుతూ ఆటో కోసం అరిచింది. మంగతాయారు కళ్ళు తెరవలేదు గానీ, "చలే..." అని మూలిగింది. వరహాలమ్మ తన వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.

మంగతాయారు బతికింది. వరహాలమ్మ చావు ఇళ్ళకు వెళ్ళడం మానేసిందని దుర్గారావు ఎవరితోనో అంటుంటే విన్నాను. పాపం అనిపించింది. ఎన్నో చావులు చూసిన మేమిద్దరం ఒకటే, ఏమీ చూడని హైమ వేరు. అత్త కాళ్ళు ఎలా ఉన్నాయోనని అనుకుంది, అంతే.

ఇప్పుడు షెడ్డులో తరవాతి పిలుపు కోసం ఉన్నాను. మంగతాయారుకు ముందు నాలో పడుకున్నవాళ్ళ కాళ్ళు ఎవరూ పట్టుకుని చూడలేదు. గాజుకు ఆవిరి పట్టిందో లేదో నేనూ చూడలేదు.