ఇరవైమూడో కూజా

గరిటమ్మకు ఆ పేరు పెట్టింది బస్సుల షెడ్డులో పనిచేసే మెకానిక్కులు. షెడ్డు వెనక క్యాంటీన్‌లో వాళ్ళకు పద్దెనిమిదేళ్ళుగా వండిపెడుతున్నది ఆవిడే. రోజూ మూడు వందల మందికి పైగా తింటారు. అయినా ఆ వంటగదిలో కొలతగిన్నె అన్నది మచ్చుకైనా కనబడదు. ఆవిడ గరిటతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, నాలుక చివర తాకించి, "ఇంకో అరగుప్పెడు" అందంటే అరగుప్పెడే. గింజ ఎక్కువా కాదు, గింజ తక్కువా కాదు. తన నాలుక మీద ఆవిడకున్నంత నమ్మకం కొందరికి దేవుడి మీద కూడా ఉండదు.

అలాంటి నాలుకను ఒక జ్వరం ఎత్తుకుపోయింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది, రుచి మాత్రం మూడు నెలలైనా తిరిగి రాలేదు. అన్నం నమిలితే తడిసిన కాగితం నమిలినట్టుండేది. టీ తాగితే వేడి తెలిసేది, అంతే. "వస్తుందమ్మా. ఎప్పుడొస్తుందో మాత్రం నేను చెప్పలేను. నీళ్ళు బాగా తాగండి," అన్నాడు డాక్టరు. ఆయన సొమ్మేం పోయింది! రుచి లేని నోటికి నీళ్ళు కూడా ఎక్కవని ఆయనకెవరు చెప్పాలి? గరిటమ్మ తిండీ తగ్గించేసింది, నీళ్ళూ తగ్గించేసింది. ఆ మూడో నెల తిరిగేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

అప్పుడు రంగంలోకి దిగాడు వాళ్ళాయన.

ఆయనది గుడ్డలకు రంగులు వేసే కార్ఖానాలో పని. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఒక వారం మోచేతుల దాకా నీలం, ఇంకో వారం ఇటుకరంగు. వీధిలో వాళ్ళు ఆయన చేతులు చూసి ఈ సీజన్‌లో ఏ రంగు ఆడుతోందో చెప్పేవాళ్ళు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వంటింట్లో ఆయన చేసిన ఘనకార్యం ఒకటే, పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడి "పొంగుతున్నాయి" అని కేకేయడం.

చల్లగా ఉన్నదొక్కటే గొంతుకు హాయిగా ఉంటోందని భార్య ఏదో మాటల్లో అన్నది ఆయన పట్టుకున్నాడు. మరదలు, అంటే గరిటమ్మ చెల్లెలు, ఫోన్‌లో పండ్లముక్కలు వేసిన ఐస్ టీ చూపించింది. అంతే, మర్నాడు పని నుంచి వస్తూ ఓ సంచీడు పండ్లు, ఒక గాజు కూజా పట్టుకొచ్చాడు.

మొదటి కూజా గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. టీ ఆకును రంగుతొట్టిలో వేసినట్టు పావుగంట కుతకుత ఉడికించాడు. మరదలు ఒక్క గుక్క తాగి, వగరుకు మొహం వంకర్లు తిప్పుతూ, "బావా, దీన్లో ముంచితే తెల్లకోటు నల్లకోటు అవుతుంది," అంది. ఆయనకు రోషం వచ్చింది. రెండోసారికి పొయ్యి కట్టేశాకే ఆకు వేశాడు. గడియారం పట్టుకుని నాలుగంటే నాలుగే నిమిషాలు ఉంచి వడకట్టాడు. సగం పండ్లు చేత్తో చిదిమి, సగం పల్చగా తరిగి అందులో వేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు గంటలు ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు కమలాపండు, ఒకరోజు నల్లద్రాక్ష, ఒకరోజు ఆపిల్‌తో కాస్త అల్లం.

విచిత్రమేమిటంటే, చేసింది తను ఎప్పుడూ రుచి చూడడు. "రంగు వేసినవాడు గౌను తొడుక్కుని చూస్తాడా? తొడుక్కునేవాళ్ళు చెప్పాలి," అనేవాడు. కార్ఖానాలో అలవాటుకొద్దీ తెల్లగుడ్డ పీలికొకటి టీలో ముంచి తీసి, ఆరబెట్టి, వంటింటి కిటికీకి గుండుసూదితో గుచ్చేవాడు. రంగు నచ్చితే తలాడించేవాడు. నచ్చకపోతే మర్నాడు ఆకో, పండో పెంచేవాడు. పీలిక అంచున పెన్సిల్‌తో ఏ పండు వేసిందీ, ఎన్ని నిమిషాలు ఉంచిందీ, భార్య ఏమన్నదీ రాసుకునేవాడు.

గరిటమ్మ ఏమన్నదని రాస్తాడు? మొదట్లో నిజమే చెప్పింది, చల్లగా ఉంది తప్ప ఇంకేం తెలియడం లేదని. ఆరోరోజో ఏడోరోజో ఆయన గ్లాసు అందించి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు కార్ఖానాలో పండు ఎర్రరంగు. అరిగిన గోళ్ళ సందుల్లో ఎరుపు, చూపుడువేలికి కత్తి తెగిన చోట చిన్న కట్టు. పరీక్ష రాసిన పిల్లవాడిలా ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. కాదనడానికి ఆవిడకు నోరు రాలేదు.

"బాగుందండీ," అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అంటే తెలుస్తోందన్నమాట!"

"కొంచెం కొంచెం."

ఒక అబద్ధం ఆడితే దాన్ని పోషించడానికి ఇంకో పది కావాలి. ఆ రోజు నుంచీ ప్రతి కూజా బాగుంది. అందులో ఏ పండు ఉందో కంటికి కనబడుతూనే ఉంటుంది కాబట్టి "కమలా పులుపు తగులుతోంది," "ద్రాక్ష తీపి బాగా దిగింది" అని వంటమనిషి తెలివితేటలు కూడా జోడించేది. ఒక్కటి మాత్రం నిజం. ఆయన కోసం తాగీ తాగీ ఒంట్లోకి నీళ్ళు చేరాయి, కళ్ళ కింద గుంటలు పూడాయి. గాజులు మళ్ళీ మణికట్టు దగ్గరికొచ్చాయి. నన్ను మంచం మీద నుంచి లేపింది ఈయనేనని రోజూ మనసులో దండం పెట్టుకునేది. ఆ దండం పెట్టుకున్న నోటితోనే రోజూ అబద్ధం ఆడుతున్నానని ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది.

అసలు చిక్కు ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లెలు వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే కూలబడింది. అక్క మంచమెక్కిన దగ్గర్నుంచీ క్యాంటీన్ గరిట ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"అక్కా, ఇంక నా వల్ల కాదు. నిన్న పప్పు మెకానిక్కులు సగం వదిలేశారు. మేనేజరు తేల్చి చెప్పేశాడు. రేపు పొద్దున నువ్వు వస్తావా రావా చెప్పాలట. రాకపోతే కొత్త వంటమనిషిని పెట్టుకుంటారట. బావ ఏమో నీకు రుచులన్నీ తెలుస్తున్నాయని ఊరంతా చాటుతున్నాడు. మరింకేంటి నీ బెట్టు?"

గరిటమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. వస్తానంటే మూడు వందల మంది నోట్లో మట్టి కొట్టడమే. నాలుక లేకుండా గరిట పట్టుకునే మనిషి కాదావిడ. రానంటే ఎందుకు రానో మొగుడి ముందు చెప్పాలి. ఆ క్యాంటీన్ పోతే తనకు ఇంకేం మిగలదన్నది మూడో మాట, దాన్ని ఆలోచించడానికే భయం వేసింది. అయినా ఇవాళ చెప్పేయాలి అనుకుంది. ఆయన రాగానే నిజం చెప్పేసి, రేపు తానే వెళ్ళి మేనేజరుకు సెలవు చెప్పి రావాలి. మనసులో మాటలు కూర్చుకుంటుంటే వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని ఆయన రానే వచ్చాడు.

"దానిమ్మ! ఇది ఇరవైమూడో కూజా," అన్నాడు. మూడు గాజుగ్లాసుల్లో ఐసుముక్కలు గలగలమంటున్నాయి. టీ చిక్కటి ఎరుపులో తళతళలాడుతోంది. "పొద్దుట్నుంచీ గింజుకుంటున్నా. పీలికకు రంగు పట్టదే! ఇప్పటికి దారికొచ్చింది. నువ్వు ముందు తాగు."

చెప్పే ముందు గొంతు తడుపుకుందామని గరిటమ్మ ఓ గుక్క నోట్లో పోసుకుంది. చల్లదనం తగిలింది. ఎప్పటిలాగే అది గొంతులోకి జారిపోవాలి. జారలేదు. నాలుక అంచున ఏదో చురుక్కుమంది. గాభరాగా ఇంకో గుక్క తీసుకుని నోట్లోనే అటూ ఇటూ తిప్పింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏవండీ, ఇందులో ఉప్పేశారా?"

"ఉప్పా? టీలోనా? నాకేమైనా మతిపోయిందా?"

చెల్లెలు తన గ్లాసు ఎత్తి తాగింది. తాగినదంతా కిటికీలోంచి బయటికి ఉమ్మేసి దగ్గింది. "బావా! సముద్రాన్ని వడగట్టి తెచ్చారా?"

ఆయన జన్మలో మొదటిసారి తను చేసిన టీ తనే తాగాడు. మొహం మాడిపోయింది. రెండు ఎర్రచేతులూ ముందుకు చాపి, ఎవరివో చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"రంగు పట్టట్లేదని..." అన్నాడు నసుగుతూ. "తొట్టిలో రంగు గుడ్డకు పట్టకుండా నీళ్ళలోనే ఉండిపోతే ఉప్పు పోస్తాం. ఉప్పు పడితే రంగు గుడ్డలోకి పోతుంది. పీలిక పాలిపోయినట్టుందని చూస్తూ చూస్తూ... ముప్ఫై ఏళ్ళ చెయ్యి, దానంతటదే ఉప్పు డబ్బాలోకి పోయింది. గుప్పెడు వేసినట్టున్నా."

చెల్లెలు పడీ పడీ నవ్వడం మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది, అక్క ఏడుస్తోంది.

"ఏమైందక్కా? ఒంట్లో బాలేదా?"

"తెలిసిందే," అంది గరిటమ్మ. "ఉప్పు తెలిసింది. నాకు తెలిసింది!"

"తెలియకేం? ఇన్నాళ్ళూ తెలుస్తోందన్నావుగా?" అన్నాడాయన.

ఇక దాచేదేముంది? వెక్కిళ్ళ మధ్య అంతా బయటపెట్టేసింది. కమలా పులుపు అబద్ధం, ద్రాక్ష తీపి అబద్ధం, ఏడో రోజు నుంచీ నిన్నటి దాకా అంతా అబద్ధం. ఆయన కిటికీ వైపు తిరిగి వరసగా గుచ్చిన పీలికలను చూశాడు. ఒక పీలిక అంచు ఎత్తి తన పెన్సిల్ రాతను చదువుకున్నాడు. అది గరిటమ్మకు తిట్టు కన్నా ఎక్కువే తగిలింది.

"ఇన్నిట్లో ఒక్కటి కూడా బాలేదా?" అన్నాడు చివరికి, చిన్నబోయి.

"నాకేం తెలుసండీ! ఒక్కటీ తెలియలేదు. కానీ మీరు పని నుంచి వచ్చి, కూర్చోకుండా పండ్లు కోసుకుంటుంటే నేను ఏం చెప్పను? అవి తాగబట్టే ఇవాళ ఇలా కూర్చున్నాను. నేను బతికి బట్టకట్టింది మీ చేతి చలవ వల్ల. ఏడేడు జన్మలెత్తినా ఈ రుణం తీరదు," అని ఆ ఎర్రటి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మరదలి ముందు ఇదేంటన్నట్టు ఆయన చేతులు లాక్కోబోయి, లాక్కోకుండా ఉండిపోయాడు. తర్వాత గొంతు సవరించుకుని లేచాడు. ఎంతైనా కొలతల మనిషి, ఒక్క సాక్ష్యంతో నమ్మే రకం కాదు. మూడు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చాడు. ఒకదాంట్లో ఉప్పు చిటికెడు, ఒకదాంట్లో చెంచాడు, ఒకదాంట్లో అసలు లేదు. భార్య కళ్ళు మూయించి ఒక్కో చుక్క అరచేతిలో పోశాడు. గరిటమ్మ నాలుక చివర తాకించి మూడూ సరిగ్గా చెప్పింది. గ్లాసులు తారుమారు చేసినా చెప్పింది. చక్కెర నోట్లో వేస్తే మాత్రం ఇసుక నమిలినట్టే ఉంది. కమలాతొన పిండితే ఏదో ఉందో లేదో అన్నట్టుంది.

"ఉప్పొక్కటే వచ్చిందన్నమాట," అన్నాడాయన.

"ఉప్పు వచ్చిందంటే ఇంటి పెద్ద వచ్చినట్టే," అంది గరిటమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మిగతా పిల్లలు వెనకాలే వస్తారు. ఏమే, మేనేజరుకు ఫోన్ చెయ్. రేపు వస్తున్నానని చెప్పు. పులుపూ తీపీ నువ్వు చూసి చెప్పాలి, ఉప్పు నేను చూస్తాను. ఇద్దరికీ కలిపి ఒక నాలుక ఉందిలే, అది చాలు. ఆ మాట కూడా మేనేజరుకు దాచకుండా చెప్పు. ఆడిన అబద్ధాలు చాలు."

"ఆ పప్పు గొడవ నుంచి బయటపడేశావు, నీ కడుపు చల్లగుండ!" అని చెల్లెలు ఫోన్ పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది.

ఆయన గ్లాసులు పళ్ళెంలో సర్దుకుంటూ భార్య వైపు చేయి చాపాడు. "అది కూడా ఇటివ్వు. పారబోసి, ఉప్పు లేకుండా మళ్ళీ చేసి తెస్తా."

గరిటమ్మ గ్లాసును రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"ఇవ్వనంటే ఇవ్వను. ఎంత ఘోరంగా ఉందో తెలుసా అండీ! నోట్లో పెట్టుకోలేకపోతున్నాను," అంటూ అడుగున ఉన్న దానిమ్మ గింజలతో సహా గటగటా తాగేసింది.