అంచుల పరీక్ష

ఎనిమిది నెలల్లో నాలుగు వీఆర్ హెడ్‌సెట్లు, కళ్ళకి బిగించుకుని బొమ్మలో ఉన్నట్టు చూసేవి, పోల్చి చూశాను. ఏది బరువు, ఏది తేలిక, దేనిలో అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి, దేని తీగ మెడకి చుట్టుకుంటుంది, అన్నీ నోటుబుక్కులో రాశాను. ఆ ఎనిమిది నెలల్లోనే మా చిన్నాన్న చూపు పోతూ వచ్చింది. అది కూడా రాశాను. తేదీలు వేసి మరీ రాశాను. ఏం రాస్తున్నానో మాత్రం నాకు తెలీలేదు.

నా పేరు జయ. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, తాకేటా పేటలో, మా ఇంటి ముందు గదిలోనే ఆరు కంప్యూటర్లతో గేముల షాపు నడుపుతాను. ఇంట్లో కూర్చుని విమానం నడిపే సిమ్యులేటర్ అంటే ఈ ఊళ్ళో పడిచచ్చేవాళ్ళు మీరనుకున్నంత తక్కువేం లేరు. వాళ్ళ కోసం బర్మీస్‌లో ఒక ఫేస్‌బుక్ పేజీ పెట్టాను. ఏ హెడ్‌సెట్ కొనొచ్చు, ఏది కొంటే నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి, అదంతా అందులో ఉంటుంది. బ్యాంకాక్ నుంచి సరుకు తెప్పించే షాపులవాళ్ళు ముందుగా ఒకటి నా చేతికిచ్చి, పది పదిహేను రోజులు చూసి రాయమంటారు. జయ రాసిందంటే ఇక తిరుగులేదు అనే పేరొచ్చింది. ఆ పేరంటే నాకెంత మోజుండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఎందుకంటే నేను హెడ్‌సెట్ పెట్టుకోలేను. పెట్టుకున్న రెండు నిమిషాలకే కడుపులో దేవుతుంది, మూడో నిమిషానికి బకెట్ కావాలి. పెట్టుకునేది మా చిన్నాన్న. ఆయన చూసి చెప్పేవాడు, నేను రాసేదాన్ని. పేజీలో మాత్రం 'నేను చూశాను' అనే ఉండేది. ఈ సంగతి మా ఇంటి గడప దాటి ఎవరికీ తెలీదు.

చిన్నాన్న పేరు అప్పలస్వామి. మా నాన్నకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, ఎప్పటినుంచో మాతోనే ఉంటాడు. మా తాత తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవులో బస్తాలు మోశాడు. చిన్నాన్న ఆ రేవు వదిలేసి మింగలడాన్ విమానాశ్రయానికి పోయాడు. అక్కడ ముప్పై ఏళ్ళు సామాను బళ్ళు లాగే ట్రాక్టరు నడిపాడు. విమానం పొట్ట ఆయనకి తెలిసినంతగా పైలట్లకి కూడా తెలీదు. ఎక్కింది మాత్రం ఒకే ఒక్కసారి, మాండలేకి. అదీ నడవా పక్క సీటు. కిటికీ పక్క కూర్చున్నాయన తెర దించేసి దారి పొడుగునా గుర్రుపెట్టాడట. ఆ మనిషిని చిన్నాన్న ఈనాటికీ క్షమించలేదు.

నవంబరులో మొదటి హెడ్‌సెట్ వచ్చింది, తెల్లది. మా వీధికి కరెంటు ఒకరోజు పొద్దున, ఒకరోజు మధ్యాహ్నం వస్తుంది. ఆవేళ మధ్యాహ్నం రాగానే చిన్నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, దాన్ని తలకి బిగించి, రెండు ప్రొపెల్లర్ల విమానం ఒకటి ఎక్కించాను. మింగలడాన్ నుంచి లేచి, ఊరు చుట్టి, మళ్ళీ అక్కడే దిగాలి. గంట తర్వాత దిగాక దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మన పజుండాంగ్ ఏరు ఇన్ని వంకర్లు తిరుగుతాదని నాకు తెలీదే అమ్మీ. అరవై ఏళ్ళు దాని ఒడ్డునే ఉన్నాను" అన్నాడు.

ఆ రోజునుంచి కరెంటు ఎప్పుడొస్తుందా అని నాకంటే ముందు ఆయనే గోడ గడియారం కేసి చూస్తూ కూర్చునేవాడు. హెడ్‌సెట్‌ని ఆయన 'డిప్ప' అనేవాడు. డిప్ప వచ్చిందా, డిప్ప తియ్యమంటావా, ఈ డిప్ప నుదురు నొక్కేత్తంది. నేనెంత చెప్పినా అదే మాట.

పోల్చడమంటే నోటికొచ్చింది రాయడం కాదని నాకొక పట్టుదల. అందుకని ఒక పరీక్ష తయారుచేశాను, అంచుల పరీక్ష. పైలట్ సీటులో కూర్చుని, తల కదపకుండా, కళ్ళు కూడా కదపకుండా, ఎదురుగా ఉన్న ఎత్తు చూపించే గడియారాన్నే చూడాలి. అలా చూస్తూనే ఎడంపక్క ఎందాకా కనిపిస్తోందో, కుడిపక్క ఎందాకా కనిపిస్తోందో చెప్పాలి. ప్రతి హెడ్‌సెట్‌కీ అదే విమానం, అదే గడియారం, అదే మనిషి. ఇంత పద్ధతిగా ఈ ఊళ్ళో ఎవరూ చెయ్యరని పేజీలో గొప్పలు పోయాను కూడా.

తెల్లదానికి చిన్నాన్న చెప్పింది ఇది. "ఎడంపక్క కిటికీ గొళ్ళెం అవుపడతంది. కుడిపక్క రెండో పైలట్టోడి కుర్సీ బుజం అవుపడతంది."

జనవరిలో తీగ ఉన్న నల్లది వచ్చింది. అంకెలు అద్దంలా ఉన్నాయన్నాడు. పరీక్షలో మాత్రం గొళ్ళెం కనిపించలేదు, కిటికీ చట్రం దగ్గరే ఆగిపోయింది. కుడిపక్క కుర్చీ భుజం కాదు, కుర్చీ ముందున్న స్టీరింగు చక్రం దాకానే. చూపు కొంచెం ఇరుకు అని రాశాను.

ఏప్రిల్‌లో, ఇక్కడి కొత్త సంవత్సరం నీళ్ళ పండగకి ముందు, మూడోది వచ్చింది. పెట్టె మీద చూస్తే తెల్లదానికంటే వెడల్పని ఉంది. చిన్నాన్నకి ఎడంపక్క కిటికీయే లేదు. కుడిపక్క మధ్యలో ఉండే ఇంజిను లివర్ల దాకానే. "పక్కలన్నీ సీకటి. గొట్టంలోంచి సూసినట్టుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చిన్నాన్న మీద కాదు, పెట్టె మీద అంత వెడల్పని అచ్చేసినవాళ్ళ మీద. ఆ రోజే ఘాటుగా రాసి పడేశాను, ఇది హెడ్‌సెట్ కాదు, గొట్టం అని. చిమిండైంగ్ పేట నుంచి ఒకతను కింద వ్యాఖ్య పెట్టాడు, అక్కా, నా దగ్గర ఇదే ఉంది, నాకు కుర్చీ భుజం దాటి కూడా కనిపిస్తోంది, ఇంకోసారి చూడండి అని. మర్యాదగానే అడిగాడు. నీ తలకాయ కొలత వేరేమో అని జవాబిచ్చి, అతను మళ్ళీ అడిగితే బ్లాక్ చేశాను. ఇంకోసారి చూడాలంటే పెట్టుకోవాల్సింది నేను, నాకు భయం. వాంతికి కాదు. నేను రాసినదాంట్లో తప్పుందని తేలుతుందేమోనని.

ఆ వారంలోనే చిన్నాన్న గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. టీ గ్లాసు ఒకటి, మోచెయ్యి తగిలి పగిలిపోయింది. వీధిలో నడుస్తుంటే పక్కనుంచి వచ్చిన సైకిల్ రిక్షా ఆయన్ని దాదాపు గుద్దింది. తొందర మనిషివి, చూసుకుని నడవవు అని కసిరాను. పండగ వెళ్ళాక ఒకరోజు పొద్దున ఆయన నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మీ, ఓ మాట. తప్పు ఆ డిప్పలది కాదేమో. నా కళ్ళకే ఏటైనా అయ్యిందంటావా?"

నేను తల ఎత్తకుండానే గోడమీది క్యాలెండర్ చూపించి, కింద అచ్చేసిన చిన్న అక్షరాలు చదవమన్నాను. ప్రెస్సు పేరు, ఫోను నంబరు గడగడా చదివేశాడు.

"మరి ఇంకేటి నీ కళ్ళకి? నాకంటే బాగున్నాయి. ఆ అద్దాలే సెత్తవి సిన్నాన్నా, నాను రాసినాను కదా."

"నువ్వన్నావంటే సరే" అన్నాడు. తేలిగ్గా నవ్వి పక్కకి తిరుగుతూ స్టూలు తన్నుకున్నాడు. ఆ స్టూలుని కూడా నేను తిట్టాను.

జూలైలో నాలుగోది. దాన్ని తెచ్చింది గోపాలం. ఊరి నడిబొడ్డున షాపున్న మన తెలుగాయనే, నాన్నకి స్నేహితుడు. అన్నిటికంటే వెడల్పైనది, దీనికోసమే మనుషులు ఎదురుచూస్తున్నారని చెప్పి మరీ ఇచ్చి వెళ్ళాడు. అంచుల పరీక్షలో చిన్నాన్నకి కనిపించింది ఆ ఎత్తు గడియారం, దాని పక్కనున్న ఇంకో గడియారం. అంతే. నాలుగింటిలోకీ ఇదే పనికిమాలినదని రాశాను. రెండు రోజుల్లో గోపాలం దగ్గర ముందే కావాలని చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే వద్దనడం మొదలుపెట్టారు. మూడో రోజు ఆయన వానలో గొడుగేసుకుని మా ఇంటికొచ్చాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలని ఉండేదాన్ని.

"ఓసారి నన్ను పెట్టుకోనీ జయా" అన్నాడు.

పెట్టుకున్నాడు. తల కదపకుండా గడియారం చూస్తూ, "గొళ్ళెం అవుపడతంది, కుర్సీ అవుపడతంది, కుర్సీ ఎనకాల తలుపు కూడా అవుపడతంది. ఇది ఇరుకంటావేటమ్మా?" అన్నాడు.

నేను లాక్కుని తగిలించుకున్నాను. గదంతా గిర్రున తిరిగింది, నోట్లో నీళ్ళూరాయి, అయినా చూశాను. గొళ్ళెం, కుర్చీ, తలుపు, అన్నీ ఉన్నాయి. తీసేసి, నడవలేక నడుచుకుంటూ వెళ్ళి బీరువాలోంచి తెల్లది తెచ్చాను. నవంబరులో మొదట వచ్చినదాన్ని నేను తిరిగి ఇవ్వలేదు, చిన్నాన్న కోసం కొనేశాను. దాన్ని ఆయన తలకి బిగించాను.

"గడియారమే సూడు. పక్కకి సూడకు. ఏటి అవుపడతంది?"

"గడియారం" అన్నాడు. "దాని పక్కది సగం."

నోటుబుక్కులో నవంబరు పేజీ నా ముందే తెరిచి ఉంది. గొళ్ళెం, కుర్సీ బుజం. అదే డిప్ప, అదే విమానం, అదే గడియారం. మారింది ఏదో నాకు అప్పుడు అర్థమైంది. గోపాలం కూడా ఆ పేజీ చదివాడు. చదివి, గొడుగు తీసుకుని, "పదండి, టాక్సీ పిలుత్తాను" అన్నాడు. ఆయన సరుకు మాట మళ్ళీ ఎత్తలేదు.

కంటి ఆసుపత్రిలో సయామా, అంటే డాక్టరమ్మ, చిన్నాన్నని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టింది. మధ్యలో ఒక చుక్కనే చూస్తూ ఉండాలి, పక్కన ఎక్కడ దీపం వెలిగినా మీట నొక్కాలి. అది నేను తయారుచేసిన పరీక్షే. చాలాసేపు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, చిన్నాన్న చెయ్యి కదలలేదు.

కంటిలో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందని ఆమె చెప్పింది. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుందట, సన్న అక్షరాలు కూడా. ముందు పోయేవి అంచులు, అందుకే చాలామందికి తెలీదట. పోయింది తిరిగి రాదు, చుక్కల మందుతో మిగిలింది నిలబెట్టుకోవాలి. నేను నోటుబుక్కు చూపించాను, ఎందుకు చూపించానో నాకే తెలీదు. ఆమె అడుగుతుంటే ప్రతి పేజీకీ అర్థం చెప్పాను. ఏప్రిల్ పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇప్పుడు వచ్చినా నయమే. అప్పుడు వచ్చి ఉంటే ఈ పేజీలో ఉన్నంతైనా మిగిలేది" అంది. అని, నా ముఖం చూసి, పేజీ తిప్పేసింది.

ఇంటికొచ్చి ఫేస్‌బుక్ పేజీలో రాశాను. మూడో హెడ్‌సెట్‌లో, నాలుగో హెడ్‌సెట్‌లో ఏ లోపమూ లేదు, వాటిని పెట్టుకున్నది నేను కాదు, పెట్టుకున్న మనిషికి చూపు తగ్గుతోందని నేను గమనించలేదు అని. చిమిండైంగ్ అతన్ని బ్లాక్ నుంచి తీసి క్షమాపణ పంపాను. ఫరవాలేదక్కా, మీ చిన్నాన్నగారు ఎలా ఉన్నారు అని అడిగాడు. తిట్టి ఉంటే ఆ రాత్రి కాస్తైనా నిద్రపట్టేది.

ఇప్పుడు పొద్దునా సాయంత్రం చిన్నాన్నకి నేనే చుక్కలు వేస్తాను. నిన్న సాయంత్రం కూడా వేశాను. కళ్ళు మూసుకుని, తల గోడకి ఆనించి కూర్చున్నాడు. పక్క సందులో ఇడ్లీలమ్మే వెంకాయమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ ఎవరితోనో నవ్వుతోంది. ఆ నవ్వు విని ఆయన ముఖం కూడా విప్పారింది.

"రాళ్ళేరుతున్నట్టుంది. అంతకుముందు దానికి మనిసే అవుపడేది కాదు" అన్నాడు.

"ఆపరేసనయ్యింది కదా."

"ఆ సీటీ నాదే అమ్మీ. పండగెళ్ళాక బౌద్దుల మటంలో కంటి డాట్టర్లొచ్చినారు, నువ్వెరగవు. తెల్లారకుండానే ఎల్లి వరసలో నిలబడి సీటీ తెచ్చుకున్నాను. ముప్పై మందికే ఇచ్చినారు. తీరా వచ్చి నిన్నడిగితే, నీ కళ్ళకేటీ నేదన్నావు. బాగున్న కళ్ళకి సీటీ ఎందుకని, ఎల్లి ఎంకాయమ్మకిచ్చేసినాను."

నన్ను అనడానికి చెప్పలేదు. ఆయనకి నిజంగానే సంతోషంగా ఉంది. కళ్ళు తెరిచి నా కోసం చూశాడు, ముందు నేను లేని వైపు, తర్వాత కాస్త కాస్తగా తల తిప్పుతూ నేనున్న వైపు. నా ముఖం దొరికాక ఆగి, జవాబు కోసం చూస్తూ ఉండిపోయాడు.

"మంచి పని సేసినావు సిన్నాన్నా" అన్నాను.