ఖాళీగా వదిలిన చోటు

అక్కా బావా ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి మాన్యువల్ రాస్తారు. కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్చుకునేవాళ్ళు చూసి రాసుకోవడానికి అందులో చిన్న చిన్న ఉదాహరణలుంటాయి. వాటి గురించి నెల రోజులుగా ఇద్దరికీ పడటం లేదు.

“ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో ప్రతి ఉదాహరణలోనూ చూపించాల్సిందే” అంటుంది అక్క.

“నువ్వు రాస్తే అది ఉదాహరణ కాదు, పురాణం. అసలు సంగతి వచ్చేలోపు చదివేవాడు నిద్రపోతాడు” అంటాడు బావ.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం బలంగా ఉండాలి అన్నట్టు చివరికి ఒక రాజీకొచ్చారు. ఎర్రర్‌ని పట్టుకునే ప్రోగ్రాం వరుస ఉంటుంది, దాని లోపల ఖాళీ. ‘మీకు కావలసింది ఇక్కడ రాసుకోండి’ అని ఒక్క ముక్క పెట్టారు.

నేను ఆ ఉదాహరణనే ఎత్తి నా ప్రోగ్రాంలో రాశాను. ఖాళీని ఖాళీగానే ఉంచాను.

మా లెక్కల మాష్టారు పెద్ద స్కూల్లో సీట్లకి మా క్లాసు ఫారాలు కంప్యూటర్లో పంపే పని నాకిచ్చారు. “నోట్లో నాలుక లేకపోయినా పని చేసే పిల్ల” అన్నారు. సోమవారం నా ప్రోగ్రాం ముప్ఫై ఎనిమిది సార్లు ‘వెళ్ళింది’ అని చూపించింది. నేను పొంగిపోయి డైరీలో కూడా రాసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మాష్టారు ఫోన్ చేశారు.

“ఇరవై తొమ్మిదే చేరాయట. మిగతా తొమ్మిదీ ఏవమ్మా? ఐదింటికి మూసేస్తారు.”

ప్రోగ్రాం తెరిచి చూశాను. ఎర్రర్లు వచ్చాయి, ఆ ఖాళీలో పడి మాయమయ్యాయి. ‘వెళ్ళింది’ అన్న మాట మాత్రం ప్రతిసారీ వచ్చింది.

ల్యాప్‌టాప్‌తో అక్క గది గుమ్మంలో నిలబడ్డాను. వరుస మొదట్లో రెండు అక్షరాల ఖాళీ వదలాలా నాలుగా అని వాళ్ళు కొట్టుకుంటున్నారు.

“అక్కా...”

“తర్వాత చెప్పవే. ఏవండీ, నాలుగైతే కళ్ళకి హాయిగా ఉంటుంది.”

“నాలుగైతే పేజీ దాటిపోతుంది మహాతల్లీ!”

గోడ గడియారం మూడున్నర దాటింది. నోరు ఎలా వచ్చిందో గాని అరిచేశాను.

“మీ ఖాళీ వల్ల తొమ్మిది మంది సీట్లు పోతున్నాయి!”

ఇద్దరూ ఆగిపోయారు. బావ నా స్క్రీన్ చూసి పాలిపోయాడు. ‘నేను ముందే చెప్పలేదా’ అని అక్క అంటుందనుకున్నాను, అనలేదు. “దీనికి నేనూ ఒప్పుకున్నాగా” అని కుర్చీ నాకు జరిపింది.

ఆ ఖాళీలో బావ రెండు వరుసలు రాశాడు. ఎవరిది ఆగిందో, ఎందుకో చెప్పే వరుసలు. మళ్ళీ పంపి చూస్తే ఎనిమిది ఫారాల్లో ఫొటోలు మరీ పెద్దవని తేలింది. చిన్నవి చేస్తే వెళ్ళిపోయాయి. తొమ్మిదోది పిచ్చుకది. చిన్నప్పటి నుంచీ బళ్ళో నా పక్కనే కూర్చునే నేస్తాన్ని అందరం అలాగే పిలుస్తాం. ‘తండ్రి సంతకం లేదు’ అని వచ్చింది.

సోమవారమే తెలిసుంటే అది పది నిమిషాల పని.

పిచ్చుక వాళ్ళకి ఫోన్ చేస్తే కలవలేదు. ఊరి చివర వాళ్ళింటిదాకా పరిగెత్తాను. తలుపుకి తాళం ఉంది. పక్కింటావిడ, “పనికెళ్ళారు, ఆరవుతుంది వచ్చేసరికి” అంది. ఇంకెవరైనా సంతకం పెట్టొచ్చేమోనని మాష్టారికి ఫోన్ చేశాను. కుదరదన్నారు. నా ఫోన్‌లో అంకెలు నాలుగూ యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, ఐదు అయ్యాయి.

అక్క మెసేజ్ పెట్టింది. ‘ఖాళీ వదలకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం. అన్ని పేజీలూ మారుస్తున్నాం. ఇంటికి రా.’

వెళ్ళలేదు. పిచ్చుక వాళ్ళ మెట్టు మీద కూర్చున్నాను. వెళ్ళిపోతే మాష్టారే రేపు చెప్తారు, నేను నోరు విప్పక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆరు దాటాక పిచ్చుక వాళ్ళ నాన్న వెనక నడిచొచ్చింది. నన్ను చూసి నవ్వింది.

“ఏంటే, నువ్వే వచ్చావు! ఇవాళ నోరు కూడా తెచ్చుకున్నావా?”

“తెచ్చుకున్నాను” అన్నాను. “నీ ఫారం వెళ్ళలేదు. నా వల్లే.”