కొసరు లేని వెన్న

ఫుసేనా చేతికి ఎముక లేదు. షియా చెట్టు గింజల నుంచి తీసిన వెన్న డబ్బా త్రాసు దిగిందంటే చాలు, ఇంకో గరిటెడు పైన మెత్తి, అరచేత్తో నునుపు చేసి, "ఇది నా తరఫున" అంటూ మూత పెట్టేస్తుంది. ముప్పయ్యేళ్లు తమలే పట్నం సంతలో అమ్మిన చెయ్యి మరి. కొసరు వెయ్యని మనిషి దగ్గర రెండోసారి ఎవరు కొంటారు?

అయితే ఈసారి వెన్న సంతకు పోలేదు, ఓడెక్కి డెన్మార్క్ పోయింది. అక్కడ బిర్గిట్ అనే ఆవిడ దాంతో సబ్బులు చేయిస్తుంది. చెట్టు కొట్టకుండా, పిల్లలచేత చాకిరీ చేయించకుండా, ఆడవాళ్ల కష్టానికి తగ్గ ధర ఇచ్చి తెచ్చిన సరుకైతేనే ఆ దేశపువాళ్లు ముట్టుకుంటారట. మంచిదే కదా, అనుకుంది ఫుసేనా. అంత మంచివాళ్లకి గరిటెడు కాదు, రెండు గరిటెలు వేసింది.

కబురు మోసుకొచ్చింది వుంపిని. ఫుసేనా చెల్లెలి కూతురే, వెన్న తీసే ఆడవాళ్ల సంఘం వ్యవహారాలన్నీ తనే చూస్తుంది. వచ్చీ రాగానే వెన్న చిలుకుతున్న ఆడవాళ్ల మధ్య చతికిలబడింది.

"పెద్దమ్మా, కొంప ముంచావు."

"ఏం, తూకం తగ్గిందా?"

"పెరిగింది."

"పెరిగితే ఏడుపెందుకే?"

"కాగితం మీద రాసిందొకటి, డబ్బాలో ఉన్నదొకటి. లోపల ఏం దాచామోనని రేవులో తనిఖీవాళ్లు మూతలన్నీ తీసి, చువ్వలతో పొడిచి చూశారు. సగం సరుకు పాడైంది. ఇంకోసారి ఇలా జరిగితే వేరే ఊరు చూసుకుంటానంది బిర్గిట్."

గిన్నెల్లో చేతులు ఆగిపోయాయి. ఈ వెన్న మీదే ఇక్కడున్న ఇళ్లన్నీ నడుస్తున్నాయి.

"మా అత్త చేతికి గరిటె ఇవ్వకండే అని మొదటే మొత్తుకున్నాను" అంది అజారా. ఫుసేనా రెండో కోడలు. దాని నోటికి అత్తా లేదు, మామా లేడు.

"కొలిచినంతే ఇవ్వడమంటే ఏంటో తెలుసా? మళ్లీ మా గుమ్మం తొక్కొద్దని చెప్పడం. పగవాళ్లకిస్తాం అలా" అంది ఫుసేనా. "కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు నా వెన్న మాడు వాసన కొట్టేది. పొద్దుగుంకేదాకా కూర్చున్నా ఒక్కరూ కొనేవారు కాదు. మా పెద్ద సవతే చెప్పింది, 'నీ వెన్న ఎలాగూ బాగోదు, పిడికెడు ఎక్కువెయ్యి, దానికోసమైనా వస్తారు' అని. వేశాను. వచ్చారు. అది మానెయ్యమంటే నా దగ్గర ఏముందే?"

అజారా తన గిన్నెలో మళ్లీ చిలకడం మొదలుపెట్టింది.

"పోనీ, మూతలు నేను పెడతాలే పెద్దమ్మా" అంది వుంపిని మెల్లగా.

"వద్దు. మొదలుపెట్టింది నేనే, మానేదీ నేనే."

తరవాతి సరుకుకి ప్రతి డబ్బాకీ తనే మూత పెట్టింది. గరిటె అజారాకిచ్చేసి, కొసరు వెయ్యబోకుండా ఎడమచెయ్యి నడుముకి చుట్టుకున్న గుడ్డలో దోపుకుని మరీ పెట్టింది. మర్యాద తెలియని మనిషి అనుకుంటుంది బిర్గిట్, ఇక కొనదు, నా మూలంగా వీళ్లందరి పొయ్యిలూ ఆరిపోతాయి. ఇదే బెంగ. వానలు వెళ్లిపోయి, దుమ్ముగాలులు మొదలైనా డెన్మార్క్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫుసేనా చిక్కి సగమైంది.

ఒక పొద్దున వుంపిని ఫోను చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. పోయినసారికి రెట్టింపు కావాలట. ఆడవాళ్ల నవ్వులు, అరుపులు. అజారా చిలుకుతున్న చేతుల్తోనే ఓ చిందేసింది.

ఫుసేనా మాత్రం లేవలేదు. "ఒక్క చెంచా కూడా ఎక్కువ వెయ్యలేదు కదే?"

"లేదు పెద్దమ్మా."

"మరి ఎందుకడుగుతోంది?"

"వెన్న బాగుందట. ఇంత మంచి వెన్న ఇంకెక్కడా దొరకలేదట. నువ్వు దగ్గరుండి చేయించినదే కావాలంది."

ఫుసేనా ఎదురుగా ఉన్న గిన్నెలోంచి కాస్త వెన్న తీసి వాసన చూసింది. కొత్తగా చూస్తున్నట్టు చాలాసేపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయితే సంతలో వాళ్లు కూడా ఇన్నేళ్లూ దీనికే వచ్చారంటావా?" అని అడిగింది.