చప్పిడి మూతి కొలత

చప్పిడి మూతి కుక్కపిల్ల లోతు గిన్నెలో తినలేక ఉక్కిరిబిక్కిరవుతోందని, దానికి తగ్గ గిన్నె కోసం దర్జీ మోకాళ్ల మీద కూర్చుని, టేపుతో దాని మూతి వెడల్పూ మెడ ఎత్తూ ఎంతో శ్రద్ధగా కొలుస్తున్నాడు. వంటగదిలోంచి చూస్తున్న అతని భార్యకు అసూయ ముంచుకొచ్చింది.

"ఇరవై ఏళ్లుగా ఈ ఎత్తు వంటగట్టు దగ్గర పీటెక్కి వండుతున్నానండీ. నా కొలత మీకెప్పుడైనా పట్టిందా?"

"దానికి నోరు లేదు కదే!"

"నాకుండి మాత్రం ఏం వెలగబెట్టాను?"

అంతలో కుక్కపిల్ల తుమ్మింది. మెతుకులు దాని కళ్లదాకా అంటుకున్నాయి. ఎంత అసూయపడ్డా, ఆ మూగజీవి మీద కసి తీర్చుకోవడం అన్యాయమని ఆమెకు తోచింది. పీట దిగొచ్చి, పైట చెంగుతో దాని ముఖం తుడిచింది.

"దీనికి గిన్నె పనికిరాదు. అంచు పొట్టిగా, అడుగు కాస్త ముందుకు వాలినట్టుండే వెడల్పు పళ్లెం తెండి. ముందు దానికే కొనండి. కానీ గట్టుకి నా కొలత మాత్రం ఇప్పుడే తీసుకోవాలి."

ఆమె లేచి నిటారుగా నిలబడింది. అతను నేల నుంచి ఆమె మోచేతిదాకా టేపు పట్టాడు. కుక్కపిల్ల ఇద్దరి మధ్యా దూరబోయింది.

"నీ వంతు అయిపోయింది, జరుగు," అందామె.