గునుగుపూల మీద నెపం

అంజమ్మకు రంగుల సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పోచంపల్లిలో ఏళ్ళ తరబడి నూలుకు రంగులద్దిన చేతులవి. ఆ రంగు పడక చేతులు పగిలి, దురదతో కంటి మీద కునుకు లేని రోజులు కూడా చూసింది. అందుకే మన్సూరాబాద్‌లో కొడుకింట్లో, ఎనిమిదేళ్ళ మనవరాలు ఇందు ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు కనబడగానే తీర్పు చెప్పేసింది.

"బతుకమ్మల పేర్చే గునుగుపూలకు రంగులు పూసిండ్రు గద! గా రంగే పడలే పిల్లకు."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్ళల్లో. అప్పుడే బతుకమ్మ పండగ కూడా వచ్చింది. పొద్దుగూకితే చాలు, కాలనీ ఆడవాళ్ళంతా ఒకచోట చేరి బతుకమ్మ ఆడేవారు. ఆట ముగిసి ఇంటికొచ్చిన కాసేపటికే ఇందు వీపు, చేతులు గోక్కునేది.

"అత్తమ్మా, జర డాక్టర్‌కు చూపిద్దమా?" అంది కోడలు అరుణజ్యోతి.

"రంగుకు డాక్టరేంది? నాకు తెల్వని రంగా?"

మహాతల్లి, వింటేనా! ఇంట్లో ఉన్న రంగులన్నీ పారబోయించింది. వేపాకు నీళ్ళతో పిల్లకు తలంటింది. తెల్లారేసరికి దద్దుర్లు మాయం. "చూసినవా యాపాకు మహిమ!" అని కోడలి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. సాయంత్రానికి మళ్ళీ దద్దుర్లు. ఆడి ఆడి పిల్ల అలిసిపోతుందని, పండగ మొదలైన నాటి నుంచీ ఆట నుంచి రాగానే బెల్లంతో దంచిన నువ్వుల ముద్ద రోజూ తన చేత్తోనే తినిపిస్తూ వచ్చింది.

ఒకనాడు సమ్మెకు మద్దతుగా ఎల్బీనగర్‌లో రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. పొయ్యిలు వెలిగాయి, పక్కనే బతుకమ్మలు పేర్చారు. ఆ రోజు అంజమ్మ ఇందును పూల దరిదాపులకు కూడా పోనివ్వలేదు. చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చిన నువ్వుల ముద్ద నోట్లో పెట్టింది.

కాసేపటికే పిల్ల పెదాలు ఉబ్బాయి. మెడంతా దద్దుర్లు. "నాయనమ్మా, గొంతు పట్టేస్తుంది" అంటుంటే గొంతు బొంగురుపోయింది, ఊపిరిలో ఈల మోగింది. అరుణజ్యోతి బిడ్డను ఎత్తుకుని పరుగు తీసింది. జనం దారిచ్చారు. పక్క వీధిలోనే డాక్టర్ శేషారత్నం క్లినిక్ తెరిచి ఉండడం వాళ్ళ అదృష్టం.

డాక్టరమ్మ ముందుగా పిల్ల తొడకు ఇంజెక్షన్ ఇచ్చింది. ఊపిరి కాస్త కుదుటపడ్డాక అంజమ్మ వైపు తిరిగింది.

"ఏం జరిగిందండీ?"

"పూలరంగమ్మా. పండగ మొదలైనకాంచి గిదే పరేషాన్."

"ఇవాళ పూలు ముట్టుకుందా?"

"లే. నేనే ముట్టనియ్యలే."

"మరి ఏం తిందండీ?"

 కోడలు అందుకుంది, "నువ్వుల ముద్ద. రోజూ తింటది."

"దద్దుర్లు ఒంటి మీద కనిపిస్తాయి గానీ, కారణం కూడా ఒంటి మీదే ఉండాలని లేదండీ. తిన్న తిండిని ఒళ్ళు శత్రువనుకుంటే ఇలాగే తిరగబడుతుంది. చాలాసార్లు దద్దుర్లు వాటంతటవే తగ్గిపోతాయి. తగ్గాయి కదా అని మళ్ళీ అదే పెడితే, ఒకరోజు ప్రాణం మీదకొస్తుంది. పరీక్ష చేయిస్తే ఖాయంగా తెలుస్తుంది. అందాకా నువ్వులు, నువ్వుల నూనె ఇంట్లోకే రానివ్వకండి. మళ్ళీ ఆయాసం రావచ్చు, రేపటిదాకా పెద్దాసుపత్రిలో ఉంచాలి."

"నువ్వులు పడకపోవుడేంది! మా ఇంట్ల పుట్టిన పిల్లకు!" అని గొణిగింది అంజమ్మ. అంతలోనే తన చెయ్యి చూసుకుంది. వేళ్ళకు ఇంకా బెల్లం జిగురుగా అంటుకునే ఉంది. బావురుమంది.

"నా చేత్తోటే పెట్టిన గదమ్మా! రోజూ నా చేత్తోటే!"

ఇందు కోలుకుంది. పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో నువ్వుల డబ్బా లేదు. ఇరుగుపొరుగు పంపిన నువ్వుల సద్దులను అంజమ్మ గడప దాటనివ్వలేదు. "మా పిల్లకు నువ్వులు పడయి, ఏమనుకోకున్రి" అని గేటు దగ్గరే చెప్పి పంపింది. గిన్నెలు తానే తోమి, పెరుగన్నం కలిపి, ముద్ద చేసి మనవరాలి నోటి దాకా తెచ్చింది.

ఎప్పుడూ అడగకుండానే నోరు తెరిచే పిల్ల పెదాలు బిగబట్టింది.

"నాయనమ్మా, దీంట్ల నువ్వులున్నయా?"

అంజమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది.  కోపం మాత్రం రాలేదు.

"లెవ్వు బిడ్డా. గట్లనే అడుగు. ఎవలు పెట్టినా అడుగు, నేను పెట్టినా అడుగు."

ఇందు తల్లి వంక చూసింది. అరుణజ్యోతి తలూపిన తర్వాతే నోరు తెరిచింది.