అన్నలు రాని ఆట

మా ఐలేశానికి ఏ ఊరికి పోతే ఆ ఊరే తల్లిగారిల్లు. నిజానికి కన్నతల్లి పురిట్లోనే పోయింది. తోడబుట్టినవాళ్లు లేరు, పెళ్లీ కుదరలేదు. నలభై దాటిన మగవాడికి తల్లిగారిల్లేమిటని మీరు నవ్వితే నవ్వండి, నేనూ మొదట్లో నవ్వినవాణ్నే. మా యక్షగాన మేళంలో ఆడవేషం అతనిది, హార్మోనియం నాది. నా పేరు గుర్వయ్య, మాది మర్రిగూడ.

మేము ఎక్కువగా ఆడేది బాలనర్సమ్మ ఆట. బాలనర్సమ్మ గొర్రెలకాపరుల ఆడబిడ్డ. ఆమెను దూరపు ఊరికిచ్చి, కరువులో మందను తోలుకుపోయిన ముగ్గురు అన్నలూ మళ్లీ రారు. కొన్నేళ్లకు ఆమె పుట్టింటి ఆడవాళ్లచేత ఒడిబియ్యం పోయించుకుందామని తల్లిగారింటికి వస్తుంది. తలుపుకు తాళం. గడప ముందు కొంగు చాచి, ఒడి నింపేవాళ్లు ఎవరూ లేరా అని పాడుతుంది. లోపలినుంచి ఎవరూ రారు, రావడానికి ఎవరున్నారు గనక.

ఆట అక్కడ ఆగుతుంది కాని అయిపోదు. ఐలేశం కొంగు చాచి నిలబడతాడు, నేను అదే వరుస తిప్పి తిప్పి వాయిస్తుంటాను. అప్పుడు చూసేవాళ్లలోంచి ఒక ఆడమనిషి లేస్తుంది. ఇంటినుంచి పసుపు కలిపి తెచ్చుకున్న బియ్యం, ఒక ఎండుకొబ్బరి కుడుక అతని ఒడిలో పోస్తుంది. ఆమె వెనక ఇంకొకతె, ఆ వెనక ఇంకొకతె. ఒడి నిండాకే బాలనర్సమ్మ వెనుదిరుగుతుంది, మేము మంగళం పాడతాం. జొన్నగటకతో పొద్దుపుచ్చే ఇళ్లలో కూడా ఆ పూటకు గుప్పెడు బియ్యం ఎక్కణ్నుంచో పుట్టేది.

కేతేపల్లిలో అందరికంటే ముందు లేచేది బక్కమ్మవ్వ. ఆట అయ్యాక ఐలేశం వేషం కడిగేసుకుని, ధోతి కట్టుకుని, బీడీ వెలిగించుకుని ఆమె వాకిట్లోకి పోయినా ఆమెకు బిడ్డే. "నా బిడ్డ వచ్చింది, ఎంత చిక్కిపోయింది చూడుండ్రి" అంటూ చల్ల పోసేది. అతను బీడీ వెనక దాచుకుని తాగేవాడు. ఆ చల్ల కోసమే అతను బతికేవాడని నాకు తెలుసు.

మద్రాసు నుంచి సినిమావాళ్లు జీపులో వచ్చినప్పుడు మేమంతా సంబరపడ్డాం. వాళ్లు మా ఆట చూశారు, మిషన్లో పాటలు పట్టుకున్నారు, మాతో ఫోటో దిగారు. రాసుకునే ఆయన ఒకటే అడిగాడు, "చివర్లో ఆ ఆడవాళ్లంతా ఎందుకు లేస్తున్నారు?" అని. "అదే ఆట" అన్నాను. ఆ ముక్క మాత్రం ఆయన రాసుకోలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సినిమా వచ్చింది. చిట్యాలలో జంగయ్య హోటల్లో చాయ్ తాగుతుంటే, జంగయ్య పత్రిక తీసి అందరికీ వినపడేలా చదివాడు. "పల్లెల్లో తెల్లవార్లూ సాగే ఒక నాటు ఆటకు దర్శకుడు ప్రాణం పోశాడు. అర్థంలేని ఏడుపు ముగింపును తొలగించి అన్నలను తిరిగి రప్పించడం మెచ్చదగిన మార్పు. మూలంలో పాటలకు శ్రుతి ఉన్నట్టు తోచదు. లోపమల్లా గుర్రాలు మరీ బక్కవి."

నాకు ఒళ్లు మండిపోయింది. "శ్రుతి వట్టేది నేను! గది రాసినాయన మా ఆటకు ఎన్నడొచ్చిండు? ఏ మూలకు కూసున్నడు?"

"నా మీదెందుకు ఒర్లుతవ్, గుర్వన్నా? అచ్చుల ఉన్నది చదివిన" అన్నాడు జంగయ్య.

నిజమే, ఎవరి మీద అరవాలి? కథ మా సొంతమా అంటే మా తాతలదీ కాదు. పత్రికలో రాసినాయన పేరు కూడా వేసుకోలేదు. ఐలేశం మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "మంచిదే కదనే. సినిమా చూసినోళ్లు మన ఆటకు ఇంకింత మంది వస్తరు."

చిట్యాలలో డేరా సినిమాకు ఇద్దరం కలిసే పోయాం. కేతేపల్లి నుంచి లారీలెక్కి జనం దిగారు, అందులో బక్కమ్మవ్వ కూడా ఉంది. తెరమీద పట్టుచీర కట్టిన అమ్మాయి కొంగు చాచగానే దుమ్ము లేచింది, ముగ్గురన్నలు గుర్రాల మీద వచ్చి చెల్లెను ఎత్తుకుని తిప్పారు. డేరా ఈలలతో ఊగిపోయింది. ఆడవాళ్లు సంతోషంతో ముక్కులు చీదుకున్నారు. ఐలేశం నా చెవిలో, "మరి బియ్యమెవలు వోస్తరే?" అన్నాడు.

"అన్నలే వచ్చిరి, ఇగ బియ్యమెందుకు?"

"అన్నలు మొగోళ్లాయె. ఒడి నింపేటోళ్లేరి?"

లేచి వచ్చేశాం.

ఆ ఎండాకాలం కేతేపల్లిలో మా ఆట పడింది. ఐలేశం అన్నట్టే జనం విరగబడి వచ్చారు. సరిగ్గా తూరుపు తెల్లబడే వేళకు బాలనర్సమ్మ గడప దగ్గరికొచ్చింది. ఆ పొద్దు ఐలేశం పాడినట్టు నేను ఎన్నడూ వినలేదు. పాట అయింది. కొంగు చాచాడు. నేను వరుస ఎత్తుకున్నాను.

ఎవరూ లేవలేదు.

మరొకసారి తిప్పాను. ఆడవాళ్ల ఒళ్లలో బియ్యం మూటలు కనబడుతూనే ఉన్నాయి. కాని ఒక్కరూ ఐలేశం దిక్కు చూడటం లేదు. అందరి తలలూ ఊరి బయటి బాట వైపు తిరిగి ఉన్నాయి. గుర్రాల కోసం చూస్తున్నారని నాకు అర్థమయ్యేసరికి వరుస తప్పింది. లేచి చెబుదామా అనుకున్నాను. ఏమని చెప్పాలి? మీ అన్నలు చచ్చిపోయారమ్మా అని ఊరందరి ముందు అరవనా?

ఐలేశం వేషం రంగు మీద కన్నీళ్లు చారలు కట్టాయి. అవి ఆటలో కన్నీళ్లు కావు. అప్పుడు ముందు వరుసలోంచి బక్కమ్మవ్వ, మూట ఒళ్లోనే పెట్టుకుని, ఎంతో ప్రేమగా అంది:

"ఏడ్వకు బిడ్డా. జర ఓపిక వట్టు. మీ అన్నలు వస్తాండ్రు. నేను చిట్యాలల నా కండ్లతోని చూసిన."

ఐలేశం ఆమెను చూశాడు. "వస్తరు అవ్వా. దారిల ఉన్నరు" అన్నాడు.

పొద్దెక్కింది. గొర్రెలు దొడ్లలో అరుస్తున్నాయి. జనం ఒక్కొక్కరే లేచి దులుపుకున్నారు. "అన్నలను తేలే. సగమే ఆడిండ్రు" అనుకుంటూ బియ్యం మూటలు ఇంటికి పట్టుకుపోయారు. మంగళం పాడకుండానే పెట్టె మూశాను. ఐలేశం ఖాళీ కొంగు దించనేలేదు, నేనే వెళ్లి దించాను.

ఇప్పుడు మా ఆటలో అన్నలున్నారు. లేకపోతే ఏ ఊరూ పిలవనంది, పిలవకపోతే తినేదేమిటి? పెద్దన్న వేషం నాదే. గుర్రమని కర్రకు పగ్గం కట్టుకుని, ఈ వయసులో ఎగురుకుంటూ వస్తాను. ఆడవాళ్లు చప్పట్లు కొడతారు. బియ్యం ఎవరూ తేవడం లేదు.

మొన్న కేతేపల్లిలో ఆట అయ్యాక ఐలేశం అలవాటు చొప్పున బక్కమ్మవ్వ వాకిట్లోకి పోయాడు. నేనూ వెంట పోయాను. అవ్వ చల్ల కవ్వం ముందు కూర్చునే ఉంది. అతన్ని చూసి నోరారా నవ్వింది, లేచి చల్ల మాత్రం పోయలేదు.

"నీ అన్నలొచ్చిండ్రు గద బిడ్డా. ఇగ నీ గురించి నాకు ఫికర్ లేదు."

తర్వాత నా దిక్కు తిరిగింది. "చెల్లెను మంచిగ చూసుకో, పెద్దోడా" అంది.

చూసుకుంటానన్నాను.